కావిడి బద్దకి నల్ల తొడుగు

మా మావయ్య కావిడి బద్దని పాడు చేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేసుకుంటే నాకు తేలిక. ఎందుకంటే అప్పట్లో ఇదే మాట ఆయనతో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

నాకు భావనపాడు హార్బరు పక్కన ఫైబర్ బోట్లు బాగుచేసే షెడ్డు ఉంది. అడుగు చిల్లిపడ్డవి, అంచు పగిలినవి, ఒకదాన్నొకటి గుద్దుకుని ముక్కు చితికినవి నా దగ్గరికి వస్తాయి. పగిలిన చోట గాజు నార పరిచి, రెజిన్ పట్టించి, గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి పంపిస్తాను. పని మంచిదే గానీ ఒంటికి దురద. ఇల్లు టెక్కలిలో. మా ఆవిడ అక్కడ జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టిన జాకెట్టు ఒకసారి తొడిగినవాళ్ళు ఇంకో టైలరు గడప తొక్కరని ఆమే చెబుతుంది, నేను కాదనను. దూరపు వరసకి మేనమరదలు అవుతుంది కాబట్టి నన్ను ఇప్పటికీ బావ అనే పిలుస్తుంది.

మావయ్యది, అంటే మా ఆవిడ నాన్నది, ఉద్దానం. సుమ్మాదేవి స్టేషన్లో దిగి సముద్రం వైపు ఆటోలో వెళ్ళాలి. కొబ్బరి, అంతరపంటగా జీడిమామిడి, ఇంటి వెనక నాలుగు అరటి పిలకలు. మా పెళ్ళికి నెలన్నర ముందు పెద్ద తుఫాను వచ్చి ఆ తోటని ఒక్క పూటలో పడుకోబెట్టేసింది. పెళ్ళి ఆగలేదు గానీ సారె మాత్రం పలాస బజారులో కొనుక్కొచ్చి వ్యానులో వేసి పంపించాల్సి వచ్చింది. మా వైపు సారె అంటే కావిడిలో రావాలి. అరిసెలు, మిఠాయి, చలిమిడి ఒక బుట్టలో, కొబ్బరికాయలు, అరటిగెల ఇంకో బుట్టలో, బద్దకి చెరో కొసనా వేలాడుతూ వీధంతా చూస్తుండగా రావాలి. ఉన్నవాళ్ళు కూలికి మనిషిని పెట్టి మోయిస్తారు. మా మావయ్యకి అది నచ్చదు. తన పిల్ల సారె తన భుజం మీదే వెళ్ళాలంటాడు. వ్యాను కదిలేటప్పుడు ఆయన దాని వెనక తలుపు పట్టుకుని నిలబడి, నా పక్కన కూర్చున్న మా ఆవిడతో, సొంత ఇల్లు కట్టుకున్ననాడు తన తోట కాయతో తనే కావిడి మోసుకొస్తానని చెప్పాడు. పెళ్ళికూతురు ఏడవడం మామూలే అనుకుని నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తరవాత ఏడేళ్ళు ఆయన చేసిన పని ఒక్కటే. పడిపోయిన చెట్ల చోట మొక్కలు పాతాడు, ఎండాకాలమంతా వాటికి నీళ్ళు మోశాడు. బోరు ఉంది, పైపు ఉంది, కానీ తోట ఆ చివరికి పైపు అందదు. రెండు బిందెలు, ఒక బద్ద. ఆ బద్ద వాళ్ళ నాన్న చెక్కింది. మందస కొండల నుంచి వచ్చిన చిరుమాను కర్ర. మధ్యలో అరచేయి వెడల్పున బల్లపరుపుగా ఉండి, కొసలకి పోనుపోను సన్నబడుతుంది. రెండు కొసలూ కొద్దిగా పైకి లేచిన వంపు. బరువు పడితే ఆ వంపు సాగి, అడుగు వేసినప్పుడల్లా కొంచెం లేచి కొంచెం దిగుతుంది. ఏళ్ళ తరబడి చెమట తాగి మధ్యభాగం నున్నగా అద్దంలా ఉండేది. మొక్కలు కాపుకొచ్చాయి. మేం కూడా టెక్కలి చివర కొత్త లేఅవుటులో రెండు గదులు వేసుకుని స్లాబు పోశాం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం. మావయ్య ఫోనులో ముహూర్తం రెండుసార్లు అడిగి, రెండుసార్లూ కేలెండరు మీద గుర్తు పెట్టుకున్నాడు.

ముహూర్తానికి ఇంకా మూడు వారాలుందనగా నేను తోటకి వెళ్ళి, బోండాలు కావిడిలో కట్టుకుని ఆటోలో వేసుకొచ్చాను. బద్ద రెండు రోజుల్లో పంపిస్తానని చెప్పి షెడ్డులో ఓ మూల నిలబెట్టాను. మర్నాడు ఒక బోటులోంచి ఇంజను దింపాల్సి వచ్చింది. మనుషులం ఉన్నాం, తాడుంది, ఇంజనుకి కట్టి భుజాల మీద ఎత్తడానికి దుంగ లేదు. నా కన్ను మూల మీద పడింది. చిరుమాను కదా, దానికేమవుతుంది అనుకున్నాను. కావిడి బద్ద రెండు కొసలకీ బరువు పెట్టి మధ్యలో మోసేది. మేం రెండు కొసలూ భుజాల మీద పెట్టుకుని మధ్యలో ఇంజను వేలాడదీశాం. అది పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వంగని వైపు వంగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. ఇంజను దించి చూస్తే మధ్యలోంచి కొసవైపు మూరెడు పొడవున నెర్రె.

కొండంత కోపం వచ్చింది నాకు, ఎవరి మీదో మాత్రం తెలియలేదు. అక్కడున్న అందరినీ తిట్టి బద్దని గోనెసంచీ కింద పెట్టాను.

నాలుగో రోజు మావయ్య ఫోను చేశాడు. మా అమ్మకి జ్వరం తగ్గిందా అని మాత్రమే అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను బద్ద సంగతి మొత్తం కక్కేశాను. వెదురు బద్ద కొత్తది, ఎంత మంచిదైనా సరే, నేనే తెస్తానన్నాను. ఆయన కోపగించుకోలేదు, కోపగించుకుంటే బాగుండేది.

"ఎదురుబద్ద నా బుజానికి తెల్దు అల్లుడూ. ఈ ఒయిసులో కొత్తదానికి నడక నేర్పలేను. ఆటోలో అంపీత్తాను సారె" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, పులుసు పోసింది, మాట్లాడలేదు. ప్రతి మాటకీ బావా అనే మనిషి మాట్లాడకపోతే ఆ కోపం ఎంత గట్టిదో నాకు తెలుసు. చివరికి నేనే ఆ బద్దని బాగుచేస్తానని, మావయ్య సారె దాని మీదే వస్తుందని, రాకపోతే గృహప్రవేశం చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాను. ఆమె అప్పుడు మాత్రం, ముహూర్తం మార్చడానికి నువ్వెవరివి అని అడిగింది.

బోటుకి పరిచే గాజు నార దీనికి చాలదనిపించింది. విశాఖలో డ్రోన్లు చేసే చోట పనిచేసే స్నేహితుడొకడు, మిగిలిన కార్బన్ ఫైబర్ గుడ్డ చుట్ట ఒకటి ఎప్పుడో నాకిచ్చాడు. నల్లగా, పట్టు గుడ్డలా మెరుస్తూ, పట్టుకుంటే జారిపోయేది. దానికి ఇంత పని దొరికే రోజు వస్తుందని దాచుకున్నాను. ఇనుముకన్నా గట్టిదంటారు. దానికి తగిన ఎపాక్సీ రెజిన్ కూడా తెప్పించాను. కావిడి బద్దకి కార్బన్ ఫైబర్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, కానీ ఆ సమయంలో బ్రహ్మాస్త్రం కన్నా తక్కువది నా అహానికి ఆనేలా లేదు.

మొదట నెర్రెలోకి పల్చటి రెజిన్ పోసి, సైకిలు ట్యూబు ముక్కలు బిగించి కట్టాను. అది మూసుకుంది. ఆ తరవాత మొదలయ్యాయి తిప్పలు. బోటు రెజిన్‌కి గట్టిపరిచే మందు కలపడం నాకు చేతి లెక్క. మూతతో ఇంత పోస్తే ఇంతసేపు అని కంటితోనే తెలుస్తుంది. ఎపాక్సీకి ఆ లెక్క పనికిరాదని, తూకం వేసి కలపాలని డబ్బా మీద రాసే ఉంది. చదివాను, చదివి నవ్వుకున్నాను, మగ్గు నిండా ఒకేసారి కలిపాను. అది ఎండలో పది నిమిషాలకి పొగలు కక్కి, మగ్గుతో సహా రాయి అయిపోయింది. రెండోసారి మా ఆవిడ వంటింటి కాటా తెచ్చుకుని, చిన్న కప్పుల్లో కొంచెం కొంచెం కలిపాను. ఆ కాటా మీద పడ్డ చుక్క ఇప్పటికీ పోలేదు, ఆమె పప్పు తూచినప్పుడల్లా నాకు గుర్తుచేస్తుంది.

అక్కడితో అయిందా అంటే లేదు. మూలపేట పోర్టుకి వెళ్ళే లారీలు రోడ్డు మీద లేపే దుమ్ము, ఎండబెట్టిన చేపల ఉప్పు, సముద్రం గాలిలో తడి, ఈ మూడింటికీ తడి రెజిన్ అంటే మహా ఇష్టం. పొద్దున్నే పూస్తే పైన జిడ్డు తేలుతుంది. మధ్యాహ్నం పూస్తే చేతిలోనే గట్టిపడుతుంది. మంచు తేమ ఆరిపోయి సముద్రం గాలి ఇంకా లేవని ఒక గంట ఉంటుంది, పది నుంచి పదకొండు దాకా. షెడ్డు తలుపులేసుకుని ఆ గంటలోనే పని చేశాను.

గుడ్డ వంపు మీద కూర్చోనంది. నిలువుగా కత్తిరించి చుడితే పైభాగంలో బిగుతు, కింద ముడతలు. ముడత కింద గాలి ఉంటే అక్కడ బలం ఉండదు. మూడు ముక్కలు పాడుచేసి, నాలుగో ముక్క ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ ముందు పడేశాను. ఆమె గుడ్డని రెండు మూలలు పట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగి చూసింది. పోగు వెంట లాగితే కదలలేదు, మూలకి లాగితే సాగింది. నన్ను ఒక చూపు చూసి, క్రాస్ కటింగ్ తెలియనివాడివి గుడ్డ పని ఎలా పెట్టుకున్నావు అంది. ఒంటి వంపుకి జాకెట్టు అమరాలంటే గుడ్డని ఏటవాలుగా కత్తిరించాలని ఊళ్ళో ఆడపిల్లలందరికీ తెలుసునట. పదిహేనేళ్ళుగా బోటు వంపుల మీద నార పరుస్తున్న నాకు తెలియదు. నేను బోట్లకి పరిచే గాజు నార మ్యాట్‌కి పోగుల దారి ఉండదు, ఎటు పరిచినా పడుంటుంది, అదీ నా సమాధానం. ఆమె సుద్దముక్కతో గీత గీసి, తన కత్తెర నల్లగుడ్డకి మొద్దుబారిపోతుందని నా కత్తెరతోనే ఏటవాలుగా పట్టీలు కత్తిరించి ఇచ్చింది.

ఆ పట్టీలు బద్ద ఒంటికి అతుక్కుపోయాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక పొర, దాని మీద ఇంకో పొర. బ్రష్‌తో పొడిచి పొడిచి గాలిబుడగలు పోగొట్టి, పైన ప్లాస్టిక్ రిబ్బను బిగుతుగా చుట్టి మిగులు రెజిన్ పిండేశాను. మర్నాడు రిబ్బను విప్పితే లోపల నుంచి వచ్చిన వస్తువుని చూసి నాకు నేనే మురిసిపోయాను. నల్లగా, నున్నగా, అల్లిక లోపలి నుంచి మెరుస్తూ ఉంది. కొసలు రెండు స్టాండ్ల మీద కాదు, ఈసారి బుద్ధిగా మధ్యలో ఆధారం పెట్టి, రెండు కొసలకీ రెజిన్ డబ్బాలు వేలాడదీశాను. వెంట్రుకవాసి కూడా వంగలేదు. ఇంకో రెండు డబ్బాలు కట్టాను. వంగలేదు. హార్బరులో కనిపించిన ప్రతివాడినీ పిలిచి చూపించాను.

దాన్ని పట్టుకుని మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు చేతుల్తో అందుకుని, నలుపుని గోటితో గీకి చూసి, ఏమీ అనకుండా తోటలోకి నడిచాడు. రెండు బుట్టల నిండా కాయలు వేసి, కొసలకి తగిలించి, భుజానికెత్తుకున్నాడు. పది అడుగులు వేశాడు. బుట్టలు ఆయన అడుగుతో కాకుండా వాటి ఇష్టం వచ్చినట్టు కొట్టుకున్నాయి. ముందరి బుట్ట మోకాలికి తగిలింది. అడుగడుగుకీ బద్ద భుజం మీద దెబ్బ వేస్తున్నట్టు ఆయన మెడ వంకర పోయింది. దించేశాడు. చొక్కా పక్కకి లాగి చూస్తే భుజం ఎర్రగా కమిలి ఉంది.

"బలవున్నాది అల్లుడూ. పేణం నేదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాతిక రోజుల్లో చెయ్యాల్సిన పని పది రోజుల్లో చేశాను, మగ్గు పోయింది, కాటా పాడైంది, చేతులు పుండ్లయ్యాయి, ఈయనకి ప్రాణం కావాలట. చెక్కకి ప్రాణమేమిటి, భుజానికి అలవాటు కావాలి అంతే, నాలుగు రోజులు మోస్తే అదే సర్దుకుంటుందని గట్టిగా అన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆయన సర్దుకుంటుందేమో అని ఒప్పుకుని, మళ్ళీ భుజానికెత్తుకోబోయాడు. కమిలిన భుజం మీదే పెట్టుకోబోయాడు. అది చూసి నేను బద్ద లాక్కుని, అత్తయ్య అన్నానికి పిలుస్తున్నా వినకుండా స్టేషనుకి వచ్చేశాను. నేను కోపంతో వచ్చానని ఆవిడ అనుకుంది. నిజానికి సిగ్గుతో వచ్చాను.

సుమ్మాదేవిలో పలాస వైపు వెళ్ళే ప్యాసింజరు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. బెంచీ మీద ఆ నల్ల బద్ద ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. జీడిపిక్కల సంచీతో ఒక ముసలాయన పక్కన కూర్చుని, ఇది విల్లా, దీనికి తాడెక్కడ అని అడిగాడు. కావిడి బద్ద అన్నాను. ఆయన దాన్ని కొసలు పట్టుకుని వంచబోయి, వంగకపోతే నా ఒళ్ళో జాగ్రత్తగా తిరిగి పెట్టి, ఇంకో బెంచీకి మారిపోయాడు. నాకు పిచ్చెక్కిందనుకున్నాడేమో.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆవిడ తల ఎత్తకుండానే వింది. ఒక మగ చొక్కాకి కాలరు కుడుతోంది, ఎవరో బతిమాలితే ఒప్పుకున్న పని. కాలరు లోపల పెట్టే గట్టి కాన్వాసు ముక్క చేతిలో ఉంది.

"బావా, కాలరుకి కాన్వాసు ఏత్తాం. సొక్కా అంతా ఏసీత్తే మనిసి సెయ్యెలగ ఎత్తుతాడు?" అంది.

అంతే, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. బోటు వంగకూడదు, వంగితే పగులుతుంది, పదిహేనేళ్ళుగా నా చేతులకి తెలిసిన విద్య అదొక్కటే. వంగడమే పనిగా ఉన్న వస్తువు నా చేతిలోకి వస్తే దానికీ అదే వైద్యం చేశాను. బద్ద మీద బరువు వేలాడదీసి చూశాను గానీ, దాన్ని భుజాన వేసుకుని ఒక్క అడుగు వేసి చూడలేదు. మోసే వస్తువుని మోసి చూడాలన్న ఆలోచన హార్బరులో నేను పిలిచి చూపించిన ఒక్కడికీ రాలేదు, అదొక్కటే నాకు కాస్త ఊరట.

మర్నాటి నుంచి కొసల మీద నేను వేసిందంతా నేనే తీశాను. వేడి చేసి లాగితే కింద చెక్క చెడుతుందని, తడి గరుకు కాగితంతో చేత్తోనే రుద్దాను. కార్బన్ పొడి బొగ్గుకన్నా నలుపు, దురదగుండ ఆకుకన్నా దురద. ముక్కుకి గుడ్డ, చేతులకి గ్లౌజులు వేసుకున్నా రాత్రి పళ్ళెం ముందు కూర్చుంటే చెమట పట్టిన చోటల్లా మండేది. మూడు రోజులకి చిరుమాను రంగు మళ్ళీ బయటపడింది. నెర్రె ఉన్న మధ్యభాగంలో మాత్రం తొడుగు ఉంచాను. అక్కడ కూడా ఒక్కసారిగా ఆపెయ్యకుండా, పై పొర పొట్టిగా, కింద పొర కాస్త పొడుగ్గా, అంచు చెక్కలో కలిసిపోయేలా అరగదీశాను. అంచు మందంగా ఆగితే అక్కడే ఇంకో నెర్రె పుడుతుంది. ఈ మాట మాత్రం నాకు బోట్లే నేర్పాయి.

ఆ తరవాత రెండు బకెట్ల నీళ్ళు తగిలించుకుని, భుజాన వేసుకుని, షెడ్డు నుంచి చేపలు ఎండబెట్టే చోటు దాకా నడిచాను. మొదట నా అడుగు, దాని ఊపు వేరువేరుగా ఉన్నాయి. సగం నీళ్ళు నా పంట్లాం మీదే పడ్డాయి. చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు పని ఆపి, బోట్లు మానేసి నీళ్ళ పని పట్టావా అని, మా ఆవిడ ఇంట్లోంచి గెంటేసిందా అని అడిగారు. మూడోసారి వెళ్ళొస్తుంటే ఒక చోట, ఎలా జరిగిందో తెలియదు, బద్ద నా కాలితో కలిసింది. నేను కాలు ఎత్తితే బరువు తనూ లేచింది. భుజం మీద ఏమీ లేనట్టు రెండు అడుగులు తేలిపోయాయి. చాలా సంతోషం వేసింది. మావయ్య ప్రాణం అన్నది దేన్నో, ఆ రెండు అడుగుల్లో నాకు తెలిసింది.

ఈసారి తోటలో ఆయన కాయలతో బావి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు, దారిలో ఒకసారి బద్దని మెడ వెనక నుంచి తిప్పి భుజం మార్చుకున్నాడు కూడా. దించి, నల్ల తొడుగు మీద చెయ్యి పెట్టి, ఎండకి కాలుతోందని, తువ్వాలు మడత వేసుకుంటే సరిపోతుందని అన్నాడు. బాగుందని అనలేదు. అత్తయ్య పెట్టిన అన్నం ఆ రోజు రెండు పూటల లెక్కన తిన్నాను.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి, పూజ అయింది. కొద్దిగా పొద్దెక్కాక మెయిన్ రోడ్డు మీద ఆటో ఆగిందని కబురు వచ్చింది. అక్కడి నుంచి మా గుమ్మం దాకా ఆటో రాగలదు, కానీ సారె నడిచే రావాలి. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ముందు మావయ్య, తెల్ల పంచె, భుజం మీద మడతపెట్టిన తువ్వాలు, దాని మీద కావిడి. ఒక బుట్టలో అరిసెలు, మిఠాయి, చలిమిడి, ఇంకో బుట్టలో తన తోట కాయలు, పండిన అరటిగెల. వెనక పసుపు కుంకుమ పళ్ళేలతో ఆడవాళ్ళు. బద్ద చక్కగా నడుస్తోంది. ఇళ్ళ ముందుకొచ్చి జనం చూస్తున్నారు. నేను గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను.

సగం దారిలో, పునాదుల దగ్గర ఆగిపోయిన ఒక ఇంటి ముందు ఆయన ఆగాడు. భుజం మార్చుకోవడానికనుకున్నాను. మార్చుకోలేదు. నెమ్మదిగా వంగి బుట్టలు నేలకి ఆనించి, బద్ద భుజం మీదే ఉంచుకుని అలాగే వంగి ఉండిపోయాడు. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నాడు. వెనక వరస మొత్తం ఆగిపోయింది. బద్దకి ఏమీ కాలేదని నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. ఏడేళ్ళు నీళ్ళు మోసిన మనిషికే అయింది, దానికి నా దగ్గర మందు లేదు.

నేను పరుగెత్తబోతే మా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. సారె పుచ్చుకునే ఇంటివాళ్ళు దాన్ని మోయకూడదు, తెచ్చేవాళ్ళే గుమ్మం దాకా తేవాలి, మా వైపు అదొక పట్టింపు. వాళ్ళ వైపు మగవాళ్ళు ఎవరూ ఆ రోజు ముందుగా రాలేదు, భోజనాల వేళకి వస్తామన్నారు. అక్కడిదాకా వచ్చి ఆటో ఎక్కించాల్సి వస్తే ఆయన మళ్ళీ తల ఎత్తుకుంటాడా అనుకున్నాను.

మా ఆవిడ నా పక్క నుంచే వెళ్ళింది. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, చెప్పుల్లేకుండా, కంకర మీద గబగబా నడిచి వెళ్ళి తండ్రి భుజం మీంచి బద్ద తప్పించి, తువ్వాలు తీసి తన భుజం మీద వేసుకుంది. నీ సారె నువ్వే మోసుకోవడమేంటని పెద్దమ్మ ఇక్కడి నుంచి కేకేసింది.

"నాను ఆ ఇంట పుట్టినాను పెద్దమ్మా. తెచ్చీవోల్లలో నానూ ఒకత్తినే" అంది.

వంగి, బద్ద కిందకి భుజం పెట్టి, మోకాళ్ళ మీద బరువు తీసుకుని లేచింది. నాకు మూడుసార్లు తిరిగితే గానీ దొరకని అడుగు ఆమెకి మొదటి అడుగులోనే దొరికింది. బుట్టలు లేచి దిగుతూ, మిఠాయి ఒక్కటి కూడా దొర్లకుండా వచ్చేస్తోంది. మావయ్య పక్కన ఖాళీ భుజంతో, ముందరి బుట్ట తాడు మీద ఒక చెయ్యి వేసి నడిచాడు. గుమ్మం ముందు బుట్టలు దిగాయి. అప్పుడు గానీ నేను ఆ బద్దని ముట్టుకోలేదు.

ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఆయాసం తగ్గేదాకా ఆగాడు. తనకి కళ్ళు తిరిగాయని గానీ, మోయలేకపోయానని గానీ అంటాడేమో, ఏదో ఒకటి చెప్పి సర్దిచెప్పాలని మాటలు వెతుక్కుంటున్నాను.

"ఎనిమిదేల్ల పిల్లప్పటి నుండి నా ఎనకాల నీల్లు మోసింది. బద్ద నువ్వు బాగుసేసినావు అల్లుడూ, మోసీ మనిసిని నాను సేసినాను" అన్నాడు.

ఏడేళ్ళుగా ఆమెతో ఒకే ఇంట్లో ఉంటున్నాను, ఆ నీళ్ళ సంగతి నాకు ఒక్కరోజూ చెప్పలేదు. లోపల ఆమె అరిసెలు పంచుతోంది, తువ్వాలు జరిగిన చోట పట్టు జాకెట్టు భుజం మీద తొడుగు నలుపు మరకలా అంటింది. నేను వెళ్ళి ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను.